గుమ్మడిపువ్వు తెలియని బోటనీ మాస్టారు

కాలేజీలో నాకు వృక్షశాస్త్రం చెప్పిన మనిషి మా ఇంటి మేడమీదే అద్దెకుండేవాడు. డెబ్బైల చివరి మాట. ఆయన ఆంధ్రా నుంచి ఉద్యోగం మీద పుదుచ్చేరి వచ్చాడు. మేము తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళం. మా అమ్మ "యాడ", "ఏంది" అన్నప్పుడల్లా ఆయన పెదవి ఒక పక్కకి పోయేది. "మీది తెలుగేనా అమ్మా?" అని ఒకసారి మొహం మీదే అడిగాడు.

పాఠం చెప్పడమంటే ఆయనకు పాతబడి పచ్చబారిన నోట్సు చదవడం. పుప్పొడి కీలాగ్రం మీద పడుతుంది, దానికి సన్నని గొట్టం మొలిచి అండాశయంలోకి దిగుతుంది, అండాలు గింజలవుతాయి, అండాశయం కాయవుతుంది. ఇదంతా ఇంగ్లీషులో, తలెత్తకుండా. ఆయనకు దగ్గు వచ్చే చోటు కూడా ఏటా ఒకటేనని సీనియర్లు చెప్పేవారు. ఒక్కరోజైనా ఒక్క పువ్వు తెచ్చి చూపించిన పాపాన పోలేదు.

ఆ ఏడు మా పెరట్లో గుమ్మడి పెట్టాడు. తీగ పందిరంతా పాకి విరగబూసింది. వేలెడంత పిందెలు కనిపించేవి, నాలుగు రోజులకు పసుపు తిరిగి కుళ్ళి రాలిపోయేవి. పురుగు పట్టిందని తేల్చేశాడు. పొద్దున్నే ముక్కుకి తువ్వాలు చుట్టుకుని పువ్వుల మీద మందుపొడి చల్లేవాడు. అసలు వచ్చేవే నాలుగు తేనెటీగలు, దాంతో అవీ రావడం మానేశాయి. అప్పుడు అమ్మను పిలిచి, "పిందెలు ఎవరో గిల్లేస్తున్నారు. మీ ఇంట్లోవాళ్ళకి చెప్పుకోండి" అన్నాడు.

అమ్మ బాహూరు పొలాల్లో పుట్టి పెరిగింది. చదువు రాదు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది గాని, ఆమె నింపాదిగానే ఉంది.

"దొంగలెవురూ రాలే సారూ. మీరే తేనీగల్ని తరిమేసినారు. ఇంగ పిందె ఎట్లా నిలస్తాది?"

"తేనెటీగలకీ దీనికీ ఏంటి సంబంధం?"

బోటనీ మాస్టారు అడిగిన ప్రశ్న ఇది.

"రేపు ఎండెక్కక ముందే దిగి రాండి, చూపిస్తా."

మర్నాడు దిగి వచ్చాడు. అమ్మ సన్నకాడ పువ్వొకటి కోసి రేకులు ఒలిచేసింది. "ఇది మొగపూవు. దీనికి కాయ రాదు." తర్వాత, అడుగున ఉసిరికాయంత ఉబ్బు ఉన్న పువ్వును వేలితో ఎత్తింది. "ఇది ఆడది. కాయ ముందే ఉండాది, చూడండి. పొడి అంటకుంటే కుళ్ళిపోతాది." మగపువ్వు నడిమి పొడిని ఆ పువ్వు లోపలి జిగటకు మెల్లగా రుద్దింది. అలా మూడు పువ్వులకు చేసింది.

ఆ ఉబ్బే అండాశయం. ఏళ్ళ తరబడి దాని పేరు వల్లించినవాడు, కళ్ళెదుట కనిపిస్తే గుర్తుపట్టలేకపోయాడు.

మూడింటిలో రెండు నిలిచాయి. మొదటి కాయ ఎదిగాక క్లాసుకు తెచ్చి రెండు చెక్కలు చేసి బల్లమీద పెట్టాడు. తానే స్వయంగా పుప్పొడి అంటించి కాయించానన్నాడు. అందరూ శ్రద్ధగా రాసుకుంటున్నారు. నేను లేచాను.

"అది మా అమ్మ చేసింది సార్."

"కూర్చో. పల్లెటూరి కబుర్లు ఇక్కడొద్దు."

కూర్చున్నాను. ఆయన మీద ఎంత ఏవగింపో, ఆ కూర్చున్నందుకు నా మీదా అంతే.

సాయంత్రం అమ్మకు చెప్పాను. "పోనీలే. గింజలు తెచ్చినాడా?" అంది. తేలేదు, చెత్తబుట్టలో పారేశాడు. అది వినగానే మాత్రం ఆమె మొహం మారింది. రెండో కాయను బాగా ముదరనిచ్చి, ఆయన చూస్తుండగానే కోసి, గింజలకు బూడిద పట్టించి దాచుకుంది. ఆయన ఒక్క గింజ అడగలేదు. సిగ్గుపడి అనుకోను. వాటితో ఏం చేయాలో నోట్సులో ఉండి ఉండదు.

మరుసటేడు ఆయన్ని కాలేజీలో వృక్షశాస్త్ర శాఖకు పెద్దను చేశారు.