పంపు హౌసు గోడ మీద గీత

ఏటి గట్టున పొడుగూతా సైకిళ్ల బాట వేశాక ఊళ్లో అందరికీ ఉన్నట్టుండి ఆరోగ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఒంటికి అతుక్కుపోయే బట్టలు, నెత్తిన డిప్ప టోపీలు, "తాతా, పక్కకి!" అని వెనకనుంచి కేకలు. లాకులాయన మాత్రం ఆరోగ్యం కోసం నడిచే మనిషి కాదు. ఆ ఏటి లాకుల తలుపులు ఎత్తీ దించీ అరిగిపోయిన చేతులాయనవి. రిటైరయ్యాక కూడా పొద్దున్నే ఏటి మొహం చూడకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు.

లాకుల దగ్గర బయలుదేరితే ముందు పాత రైలు వంతెన, తర్వాత సగం కూలిన ఇటుకల బట్టీ గొట్టం, ఎవడో పుణ్యాత్ముడు సిమెంటు గుర్రాన్ని నిలబెట్టిన పార్కు, ఆపైన పంపు హౌసు. అక్కడ ఆగేవాడు. గోడ మీద, చెయ్యెత్తినా అందనంత ఎత్తున ఒక ఎర్ర గీత. లాకుల మనుషులకు అదొక నియమం. వరద ఎంతవరకు ఎక్కిందో తడి ఆరకముందే గుర్తు పెట్టాలి. ఆరాక ఎవడి నోటికొచ్చినట్టు వాడు చెబుతాడు. పెద్ద వరద తీసిన మర్నాడు నిచ్చెన వేసుకుని ఆయనే గీశాడు. ఏడుస్తూ గీశాడు. కూలీల గుడిసెల్లో చిక్కుకున్న ముసలమ్మ కోసం దిగిన తమ్ముడు ఆ నీళ్లలోనే పోయాడు. శవం కూడా దొరకలేదు. రంగు వెలిసినప్పుడల్లా ఆ గీతను మళ్లీ దిద్దుకునేవాడు.

ఒకరోజు వెళ్లి చూస్తే గోడంతా నీలం రంగు, కొంగలు, చేపలు. గీత మోకాలి ఎత్తుకు దిగిపోయింది. పక్కన అందమైన అక్షరాల్లో "వరద మట్టం" అని కూడానూ! లాకులాయనకు ఒళ్లు మండిపోయింది.

"ఎవడు దించమన్నాడురా?" అన్నాడు.

"మీ అల్లుడుగారేనండి," అన్నాడు పెయింటరు, కొంగ ముక్కు దిద్దుతూ. "మొత్తం తీసేస్తే ఎవరైనా అడుగుతారట. దించితే ఎవరి కంట పడుతుందన్నారు."

అల్లుడు పంపు హౌసు వెనకే వరసగా ఇళ్లు కట్టాడు. లాకులాయన అక్కడికి వెళ్లి ఎగిరిపడ్డాడు.

"ఆ గీత చూస్తే ఎవడు కొంటాడండీ మామయ్యగారూ?"

"అది గీత కాదయ్యా, నా తమ్ముడు!"

"చిన్నమామయ్య ఎప్పుడో పోయారు. నేనింకా బతికే ఉన్నాను."

ఎంత మాట! లాకులాయన అక్కడే ఉన్న కూతురి వంక చూశాడు. తండ్రి పక్కకు రాలేదు ఆ పిల్ల. "ఉన్నదంతా ఇందులోనే పోశాం నాన్నా. ఒక్క ఇల్లూ కదల్లేదు. నువ్వు కూడా నోరు తెరిస్తే మేం రోడ్డున పడతాం," అంది.

"పడండి! రేపొచ్చి నేనే గీస్తా. ఎవడు అడ్డొస్తాడో చూస్తా."

అన్నట్టే మర్నాడు ఎర్ర రంగు డబ్బా పట్టుకుని, నిచ్చెన భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చాడు. గోడ దగ్గర కూతురు ఒక జంటకు ఇళ్లు చూపిస్తోంది. ఆ జంటలో అమ్మాయి చంకలో పసిపిల్ల.

"మా నాన్నగారు. లాకుల మీద పనిచేశారు," అంది కూతురు. ఆమె కళ్ల కింద నలుపు అప్పుడు కనపడింది ఆయనకు.

"తాతగారూ, నిజం చెప్పండి. అప్పుడు నీళ్లు ఇంతవరకేనా వచ్చింది?" అంది ఆ పసిపిల్ల తల్లి, గోడ మీది గీత చూపిస్తూ.

ఆయన నిచ్చెన దించాడు.

"ఇంతేనమ్మా. మోకాళ్లదాకా."

"మరి ఎవరో కొట్టుకుపోయారని విన్నామే?"

కూతురు తల వంచుకుంది. తండ్రి చెయ్యి పట్టుకుంది, ఎన్నాళ్లకో.

"ఆ... అతనా? తాగి పడ్డాడమ్మా," అన్నాడు లాకులాయన.

తమ్ముడు జన్మలో చుక్క ముట్టి ఎరగడు.

"అదీ సంగతి! అనవసరంగా హడలి చచ్చాం," అని నవ్వి, ఆ అమ్మాయి పిల్లను మరో చంకకు మార్చుకుని వంటిల్లు చూడ్డానికి లోపలికి వెళ్లింది.