చిన్నతాత దగ్గు, అమ్మ కాళ్లు

మా అమ్మ బట్టలుతికే బండ మీద జారి పడ్డది. తొంటి ఎముక విరిగింది. గద్వాల దవాఖానల లోపల రాడ్డు ఏసి పంపిండ్రు. చూడనొచ్చినోళ్లందరికి నేను ఒకటే మాట చెప్పిన: "మా అమ్మ ఇప్పుడు ఇనుప మనిషి, జర దూరం నిలవడుండ్రి." అమ్మ మంచంల పండుకొనే నన్ను కొట్టనీకె చెప్పు కోసం చెయ్యి జాపింది. చెయ్యి అందలే. ఎప్పుడు గురి తప్పని మనిషి ఆమె. అప్పుడు మాత్రం నా జోకు నాకే చేదయ్యింది.

నేను ఏడో తరగతి దాక చదివిన. సార్లు రోజూ నన్ను బయట నిలవెడుతుంటే, ఇంక లోపలికి పోవుడెందుకని ఒకనాడు అటే ఇంటికొచ్చిన. ఇప్పుడు ధరూర్ నుంచి గద్వాలకు ఆటో నడుపుత. బయటికి పోవుడు లోపలికి వచ్చుడు అన్న విద్య మా అమ్మకు పనికొస్తదని అప్పుడు తెల్వదు. తెలిస్తే ఇంకొన్ని దినాలు బడికి పోతుంటి.

డాక్టర్ చెప్పింది చిన్న మాటే. "ఎముక అతికింది. ఇంక పని కాళ్లది. నేల మీద కూసోవెట్టకుండ్రి. కుర్చీలకెల్లి చేతుల ఊతం లేకుండ లేవనీకె రావాలె. అది రాకపోతే మంచమే."

అమ్మకు మంచం కన్న పెద్ద బాధ ఇంకొకటున్నది. మా పెద్దమ్మ, అంటే అమ్మ సొంత అక్క, కొల్లాపూర్‌ల ఉంటది. ఆమెకు ప్రయాణం పడదు, బస్సు వాసన చూస్తేనే కడుపుల తిప్పుతది. కలవాలంటే అమ్మే పోవాలె. ఆడోళ్లకు బస్సు టికెట్ ఉట్టిగ అయినప్పటి సంది మా అమ్మ ఆధార్ కార్డు కొంగుకు ముడేసుకొని నెలకొకసారి పోయి వస్తుండె. ఆ బస్సు మా ఆటోలకు సవతి, అయినా ఏమంట, కన్నతల్లే సవతి దిక్కు పోయింది. పడ్డంక అంతా బంద్. ఫోన్ల అక్కా చెల్లె ఇద్దరు మాట్లాడరు, ఏడుస్తరు.

"ఆటోల నేనే తీస్కపోత పద" అన్న.

"ఎట్ల ఎక్కాలె?"

"నేను ఎత్తి కూసోవెడుత."

"అందుకే రాను" అన్నది. దవాఖానకు పోయేనాడు నేను, పక్కింటాయన కలిసి అందరి ముందల ఆమెను బస్తా లెక్క ఆటోల ఏసినం. ఆ ముచ్చట ఆమె మర్వలే. "నా కాళ్ల మీద నేను బస్సెక్కిన్నాడే మా అక్క మొఖం చూస్త. లేకపోతే లేదు."

మా పంచాయతీ ఆఫీసు వెనక ఒక పాత గది ఉన్నది. వారానికొకసారి, బేస్తారం నాడు పగటీలి ఊర్లె ముసలోళ్లందర్ని ఆడికి రమ్మంటరు. ఆశా కార్యకర్త బీపీ, సుగర్ చూస్తది, గోలీలు మింగుతున్నరా, దిండు కింద దాస్తున్నరా అని దబాయిస్తది. తర్వాత గద్వాల నుంచి స్కూటీ మీద ఒక మేడం వచ్చి కాళ్లకు చేతులకు కసరత్తు చేయిస్తది. ఊరంత ఆమెను కసరత్తు మేడమే అంటరు. బడి నుంచి తెచ్చిన ఎర్ర కుర్చీలు వరసగ ఏసి ఉంటయి. అమ్మను మెల్లగ నడిపించుకుంట తోల్కపోయిన.

పోయేసరికి ఫ్యాను కింద కుర్చీల మా చిన్నతాత కూసున్నడు. మా సొంత తాతకు తమ్ముడు, తొంభైకి దగ్గర వడ్డడు. అమ్మకు చిన్నమామ. అమ్మ ఈ ఇంటికి కోడలుగ వచ్చి యాభై ఏండ్లు దాటింది. ఇన్నేండ్లల ఆయన ముందల కుర్చీల కూసోలే, మంచం మీద కూసోలే, నేరుగ ఒక్క మాట మాట్లాడలే. ఆయనకు చాయ్ ఇచ్చినా గోడ దిక్కు చూసి "చాయ్ చల్లారుతుందని మామకు చెప్పుండ్రి" అంటది. మా ఇంట్ల గోడ విన్నన్ని మాటలు తాత వినలే.

"కూర్చో అవ్వా" అన్నది మేడం.

అమ్మ కొంగు నెత్తి మీదికి గుంజుకొని గోడకు అతుక్కున్నది.

"ఏం, మోకాలు నొస్తుందా?"

"మామ ఉన్నడు" అన్నది అమ్మ, చెవుల చెప్పినట్టు.

మేడం అటు ఇటు చూసింది. "ఎవరి మామ?"

అమ్మతోటి కలిపి గోడ పొంటి నిలవడ్డ ఎనిమిది మంది ఆడోళ్లు ఒక్కసారే కండ్లు దించిండ్రు. మా ఊర్లె సగం మందికి చిన్నతాత మామ వరుస. అందరు డెబ్బైకి అటో ఇటో ఉన్నోళ్లే, మనవలను ఎత్తినోళ్లే. ఆయన ముందల మాత్రం అందరు కొత్త కోడండ్లు. ఆ దినం తాత ఒక్కడు కసరత్తు చేసిండు. ఆడోళ్లు నిలవడి చూసిండ్రు. మేడం పెద్ద చదువు చదివింది, ఒంట్ల ఉన్న ఎముకలన్నిటికి పేర్లు చెప్తది. కోడలి మోకాలుకు మామ అడ్డమొస్తడని మాత్రం ఆమె పుస్తకంల రాసి లేకుండె.

నేను తాత ఇంటికి పోయిన. "తాతా, నువ్వు బేస్తారం కాకుండ శుక్రారం రారాదు?"

"ఎందుకురా, శుక్రారం నాకు పెండ్లా?"

"ఆడోళ్లు కూసుంటలేరు నువ్వుంటే."

"నేనేమన్న వద్దన్ననా? కూసోమను."

"నువ్వే చెప్పరాదు?"

"కోడండ్లతోటి నేనేం మాట్లాడుత?" అన్నడు. ఇగ చూడుండ్రి, గోడ అటు దిక్కు గూడ ఉన్నది. తర్వాత కట్టె పక్కకు వెట్టి జర నెమ్మదిగ అన్నడు: "ఇంట్ల ఈ నాలుగు గోడలు చూసి చూసి కండ్లు పోతున్నయిరా. వారానికొకనాడు మనుషుల మొఖాలు చూస్తున్న. అది గూడ నీ కండ్లల వడ్డదా?"

ఇగ శుక్రారం ముచ్చట ఆడనే ఇడిసిపెట్టిన.

మల్లొచ్చిన బేస్తారం నా తెలివి చూపించిన. మా ఇంటామె పాత చీర ఒకటి తెచ్చి గది నడుమల పరదా కట్టిన. ఇటు దిక్కు తాత, అటు దిక్కు ఆడోళ్లు, నడుమల మేడం, చెకింగ్ పోస్టు లెక్క. పరదా చాటుకు ఆడోళ్లు కుర్చీలల్ల కూసున్నరు. నేను చేతులు దులుపుకున్న.

కూసున్నరు గాని లేస్తలేరు. "చేతులు పట్టకుండ లేవాలె" అని మేడం అంటే, అందరు కుర్చీ చేతులను తాళం ఏసినట్టు పట్టుకొని మూల్గుతుండ్రు. అమ్మ మూడుసార్లు లేవబోయింది. నాలుగోసారి కండ్లల నీళ్లొచ్చినయి. "నా తోటి కాదు. నన్ను ఇంటికి తోల్కపో" అన్నది. ఆమె మనసుల కొల్లాపూర్ ఇంకో పది ఊర్లు దూరం జరిగినట్టు నాకు తెలుస్తనే ఉన్నది.

అంతల తాత నీళ్లు తాగనీకె బయటికి పోయిండు. తాగి మల్ల వచ్చిండు. గడప కాడ నిలవడి దగ్గిండు. అది రోగం దగ్గు కాదు. పాతకాలం పెద్దమనుషులు ఇంట్ల అడుగు వెట్టే ముందు, లోపల ఆడోళ్లు జర సదురుకోనీకె దగ్గే దగ్గు. మా ఊర్లె అంతకన్న మంచి కాలింగ్ బెల్లు లేదు.

పరదా అటు దిక్కు కుర్చీలన్ని కర్రుమన్నయి. మేడం నోరు తెర్సుకొని చూస్తుంది. నేను పరదా పక్కకు గుంజిన. ఎనిమిది మంది లేచి నిలవడ్డరు. అండ్ల మా అమ్మ గూడ.

"అవ్వా" అన్నది మేడం, "మీ చేతులెక్కడున్నయి?"

అమ్మ చూసుకున్నది. రెండు చేతులు నెత్తి మీద కొంగును పట్టుకొని ఉన్నయి. కుర్చీని ఎవరు పట్టుకోలే. అమ్మ తన కాళ్ల దిక్కు, ఎవరివో అన్నట్టు చూసింది.

నేను చీర విప్పి భుజాన ఏసుకొని తాత కాడికి పోయిన. "తాతా, డాక్టర్ నిన్ను రోజు నడవమన్నడు గదా, ఎందుకు నడుస్తలేవు?"

"నడిచి యాడికి పోవాలె? చేను కౌలుకిస్తిమి. దోస్తులంత పాయె."

"ఈ గదిలకెల్లి బయటికి పో. మల్ల రా. మల్ల పో."

"నాకేమన్న పిచ్చి లేసిందా?"

"నువ్వొస్తే నీ కోడండ్లు లేస్తరు. నువ్వు పోతే కూసుంటరు. వాళ్ల మోకాళ్లు నీ దగ్గు మీద ఉన్నయి."

తాత మీసం కొసలు జర లేచినయి. "ఎన్నిసార్లు?" అని అడిగిండు.

"పది" అన్నది మేడం.

ఇగ షురువయ్యింది. తాత కట్టె పొడుచుకుంట బయటికి పోతడు, వేపచెట్టు దాక నడుస్తడు, తిరుగుతడు, గడప కాడ దగ్గుతడు. లోపల తొమ్మిది కొంగులు లేస్తయి, మేడం చున్నీతోటి కలిపి. తాత పోతడు, కుర్చీలు నిండుతయి. రెండు వారాలకు ఆయన దగ్గుల ఒక దర్జా వచ్చింది. ఒకనాడు దగ్గకుండ లోపలికి వచ్చిండని ఆడోళ్లు లేవలే. తాతే సిగ్గు పడి మల్ల గడప కాడికి పోయి దగ్గి వచ్చిండు.

నాట్లు అయిపోయినయి, పత్తి ఏరుడు అయిపోయింది, పల్లికాయ పీకుడు అయిపోయింది. అమ్మ ఇంట్ల గూడ మొదలువెట్టింది. తాత ఉండేది వేరే ఇంట్ల గదా, అందుకని వాకిట్ల ఎవరి దగ్గు వినవడ్డా లేస్తుండె. మా వీధిల జలుబు చేసినోళ్లంత మా అమ్మకు సాయం చేసినోళ్లే. మేడం బస్సు మెట్టు లెక్క ఒక పీట చేయించి తెచ్చింది. అమ్మ మొదలు గోడ పట్టుకొని ఎక్కింది. తర్వాత ఒక్క వేలు ఆనిచ్చి ఎక్కింది. తర్వాత ఆ వేలు గూడ తీసింది.

ఎండలు ముదిరినయి. ఒక బేస్తారం తాత ఎనిమిదిసార్లు తిరిగి, అలసిపోయి, తొమ్మిదోసారి పోకుండ కుర్చీ దిక్కు నడిచిండు. అందరు నిలవడే ఉన్నరు, ఆయన పోతేనే కూసుంటరు. అప్పుడు అమ్మ, గోడ దిక్కు కాదు, నేరుగ ఆయన దిక్కు చూసి అన్నది:

"ఇంక రెండున్నయి మామా. బయటికి పోండ్రి."

తాత నా దిక్కు తిరిగిండు. "మీ అమ్మ ఏమన్నదిరా?"

"నిన్ను బయటికి పొమ్మన్నది తాతా."

"మంచిగున్నది. యాభై ఏండ్లకు నోరు తెరిస్తే గీ మాట దొరికింది" అని కట్టె తీసుకొని మారు మాట్లాడకుండ బయటికి పోయిండు. ఆ దినం పొద్దుమీకే దాక ఊర్లె కనవడ్డోళ్లందరికి చెప్పుకున్నడు, నా కోడలు నాతోటి మాట్లాడిందని.

మూడోనాడు అమ్మ కొత్త చీర కట్టింది, ఆధార్ కార్డు కొంగుకు ముడేసింది. ధరూర్ నుంచి నా ఆటోల గద్వాల పోయినం. ఎక్కింది, దిగింది, నా చెయ్యి నా కాడనే ఉన్నది. గద్వాల బస్టాండుల వనపర్తి బస్సు నిలవడ్డది. ఆ మొదటి మెట్టు ఉన్నది చూడుండ్రి, మేడం పీట కన్న ఎత్తు. అమ్మ ఒక కాలు ఏసింది. రెండో కాలు నేల ఇడుస్తలేదు. ఎనక జనం తోస్తుండ్రు. కండక్టరమ్మ చెయ్యి జాపింది.

"చెయ్యి తీయ్ బిడ్డా" అన్నది అమ్మ ఆమెతోటి.

నేను గూడ ముట్టనని ఇంట్లనే మాటిచ్చిన. చేతులు ఎనక కట్టుకున్న. నాకు ఒక్కటే తోచింది. గొంతు సవరించుకొని అచ్చం చిన్నతాత లెక్క దగ్గిన.

అమ్మ పైన ఉన్నది.

ఎక్కినంక వెనక్కి తిరిగి నన్ను చూసింది. "నీ దగ్గు నాకు తెల్వదనుకున్నవా? మామ దగ్గు అట్లుంటదా? నీ దగ్గుకు కాదు, నేను ఎక్కాలనే ఎక్కిన." అని కిటికీ కాడ సీట్ల కూసున్నది. బీచుపల్లి కాడ కృష్ణ దాటుతుంటే అంజన్నకు దండం వెట్టింది. వనపర్తిల దిగి కొల్లాపూర్ బస్సు ఎక్కేటప్పుడు నేను దగ్గలే. ఆమె నా కన్న ముందల ఎక్కి నాకు సీటు ఆపింది.

పెద్దమ్మ అరుగు మీద కుర్చీల కూసొని ఉండె. పక్కన గంపల మామిడిపండ్లు. చెల్లెను చూసి లేవబోయింది, లేవరాలే. ఆమె కోడలు ఉరికొచ్చి రెండు చంకల కింద పట్టి లేపింది. అక్కా చెల్లె కావలించుకొని ఏడ్చిండ్రు, ఫోన్ల ఏడ్చినట్టు కాదు, నవ్వుకుంట. ఏడ్పు అయిపోయినంక అమ్మ అక్క మోకాళ్ల దిక్కు, ఆ కుర్చీ దిక్కు ఒకసారి చూసింది. కండ్లు తుడుచుకొని అడిగింది:

"అక్కా, మీ ఊర్లె నీకు మామ వరుసైనోళ్లు ఎవరన్న ఉన్నరా ఇంక?"

"ఒకాయన ఉన్నడు. ఎందుకే?"

"దగ్గుతడా?" అన్నది మా అమ్మ.