తులాల పిన్నిగారు

నా డైరీల్లో ఆమె పేరు 'తులాల పిన్నిగారు' అనే ఉంది. రాయచూరులోని మా పవర్ స్టేషన్ కాలనీలో పక్కింటి ఇంజనీరుగారి తల్లి, కోస్తా నుంచి వచ్చారు. కన్నడ రాదు, పొద్దు పోయేది కాదు. ఊరికి పంపించెయ్యమని కొడుకుతో రోజూ పేచీ.

ఒక ఆదివారం, రాయచూరులోనే పుట్టిన మా ఆవిడ ఆమెను టీవీ దగ్గరికి పిలిచింది. "కన్నడ సినిమా అత్తమ్మా, అంతా కోటలనే నడుస్తది. మస్తు నగు ఉంటది, రాండ్రి!"

కోటలో దొంగలు దయ్యాలకు జడిసి, దయ్యాలు దొంగలకు జడిసి పరుగులు పెడుతుంటే మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. పిన్నిగారు మాత్రం కళ్లజోడు సర్దుకుంటూ తెరమీద ప్రతి గదీ వెతికారు. సినిమా అయిపోగానే అడిగారు.

"నగలెక్కడమ్మాయ్? ఒక్క గొలుసైనా చూపించలేదే!"

"అయ్యో అత్తమ్మా, కన్నడల నగు అంటే నవ్వు!"

పిన్నిగారు కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. అప్పట్నుంచి ఏ హాస్యచిత్రం చూసినా నవ్వుకు తూకం చెప్పేవారు. "ఇది రెండు తులాలే, మొన్నటిది నయం."

నెలాఖరున కొడుకు ఊరికి టికెట్టు తెచ్చాడు. ఆమె దాన్ని అతని జేబులోనే పెట్టేశారు.

"ఇంత బంగారం ఇక్కడ వదిలేసి ఎలా వెళ్లనురా?"