రేడియేటర్ పసుపు కడిగినవాణ్ణి నేనే

దుమ్ముగూడెం మిత్రులకు తీవ్ర విచారంతో తెలియజేయునది ఏమనగా, ఈ రోజు మా పాత పికప్ బండి నా చదువు వల్ల మంచాన పడింది.

రేడియేటర్ కింద చుక్కలు కారుతుంటే పొద్దున్నే మెకానిక్ ఖాజా భాయ్ షెడ్డుకు తోలుకుపోయాను. రేపు మా మిర్చి బస్తాలు అందులోనే ఖమ్మం మార్కెట్‌కు పోవాలి. భాయ్ వంగి చూసి, "చుక్కనే కదా తమ్మీ, గట్లనే ఉండనీ" అన్నాడు. నేను మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా గాంభీర్యంతో లోపలంతా కడిగించాను. బకెట్ నిండా పసుపుపచ్చ బురద వచ్చింది. కొత్త నీళ్లు పోసి ఇంజిన్ ఆన్ చేస్తే ఏడు చోట్ల ధార కట్టింది.

అప్పుడే వచ్చిన నాన్న బకెట్ చూసి నెత్తి పట్టుకున్నాడు.

"పసుపంత కడిగినవారా? లీకైనప్పుడల్లా గుప్పెడు పోస్తే అదే గడ్డకట్టి బొక్కలు మూసింది. పదేండ్ల సంది గట్లనే నడుపుతున్న గదరా!"

అరకిలో పసుపు తెచ్చి మళ్లీ పోశాం. ఆగలేదు.

"ఇగ పట్టదన్నా," అన్నాడు భాయ్. "రేడియేటర్ అన్న మార్చాలె, కొడుకునన్న మార్చాలె."

"రేడియేటర్ దొరుకుతదా?"

"గీ పాత మోడల్‌కు యాడ దొరుకుతది?"

నాన్న నా వైపు చాలాసేపు చూశాడు.

బస్తాలు వాకిట్లో ఉన్నాయి, పైన మబ్బు పట్టింది. మీ ఇంట్లో కారుతూనే నడుస్తున్నది ఏదైనా ఉంటే, చదువుకున్నవాణ్ణి దాని దగ్గరికి రానివ్వకండి. ఇప్పటికే రానిచ్చినవాళ్లు కింద రాయండి, కలిసి ఏడుద్దాం.