ఆపరేటర్ ఎజ్రా ఆపేసిన సినిమా

విజయనగరంలో హాళ్ల ముందు జనం కొట్టుకు చచ్చే రోజుల్లో ఆపరేటర్ ఎజ్రా అంటే ఓ పేరు. రీలు తెగితే, ఈల పడేలోపు అతికించేవాడు. "మిషను తప్పు సెయ్యదు, మనిషే సేస్తాడు" అని చెప్పుకు తిరిగేవాడు కూడా. ఆ గొప్పే ఆయన కొంప ముంచింది. కాదు, ఇంకొకడి కొంప ముంచింది.

ఎనభై నాలుగులో ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. అంతరిక్షంలో ఒక ఓడ, దాన్ని నడిపే తెలివిగల యంత్రం. తనవల్ల తప్పు జరగదని ఆ యంత్రానికి మహా నమ్మకం. ఓడలోని మనుషులకూ అదే నమ్మకం. నక్షత్రాలు నల్లగుడ్డకు పొడిచిన చిల్లులే, ఓడ తీగకు వేలాడే బొమ్మే అయినా, తెరమీద చూస్తే గుండె జారేది. మొదటి ఆటలో, ఒక మనిషి తాడు పట్టుకుని ఓడ బయటకు వెళ్లే చోట సౌండు టక్కున ఆగిపోయింది. జనం కుర్చీలు విరిచారు. ఎజ్రా ప్రొజెక్టరు ఆపి, ఫిలిం అంచున ఉండే శబ్దాన్ని చదివే చిన్న బల్బు మార్చి, మళ్లీ వేశాడు. కాసేపటికి సౌండు వచ్చింది.

హాలు యజమాని జగన్నాధం ఊగిపోతూ పైకి వచ్చాడు. "ఆ బల్బు బిగించినోడెవుడు?"

"ఎర్రన్నండి," అన్నాడు ఎజ్రా.

అబద్ధం కాదు. పొద్దున్న బిగించింది రెండో ఆపరేటర్ ఎర్రన్నే. సాయంత్రానికి అతని పని పోయింది. పొరపాటు ఒకరిది, గ్రహపాటు ఇంకొకరిది. ఊరవతల జూట్ మిల్లులో మగ్గాల దగ్గర చేరాడని తెలిసి, పోనీలే, గింజలు దొరుకుతున్నాయి అనుకున్నాడు ఎజ్రా.

మొన్న వేసవిలో, డిగ్రీ ఫిజిక్సు చదివే మనవరాలు స్వర్ణ టీవీలో ఆ సినిమా పెట్టింది. తాడు పట్టుకున్న మనిషి బయటికి రాగానే సౌండు ఆగిపోయింది. డెబ్భై ఏళ్ల ఎజ్రా రిమోటు అందుకుని టకటకా నొక్కడం మొదలుపెట్టాడు.

"ఏటి తాతా, అలా నొక్కేస్తన్నావు? అక్కడ గాలుండదు గదా, శబ్దమెలా వస్తాది? కావాలనే అలా తీసీరు."

ఎజ్రా రిమోటు పక్కన పెట్టేశాడు. ఆనాడు తీసిన బల్బు తన వేళ్లు చురుక్కుమనేంత వేడిగా ఉండటం గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, ఏనాడూ మరిచిపోలేదు. అప్పటిదాకా వెలుగుతున్న బల్బే అంత కాలుతుందని ఆపరేటర్‌కి తెలియదా?

నెల మొదటి ఆదివారం బాప్టిస్టు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల. సహోదరుడితో పేచీ ఉన్నవాడు ముందు వెళ్లి సమాధానపడి రావాలన్నది చిన్నప్పటినుంచీ విన్న మాటే. రొట్టె పళ్లెం తన ముందుకొస్తే ఎజ్రా చేతులు కట్టుకు కూర్చున్నాడు. పక్కవాళ్లు గుసగుసలాడారు. నలభై ఏళ్లూ ఏ మొహంతో తిన్నానా అని ఆయనకు తనమీద తనకే అసహ్యం వేసింది. బయటికొచ్చి నేరుగా ఎర్రన్న ఇంటికి ఆటో ఎక్కాడు.

ఎర్రన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నలుగురి చెవిన పడకుండా మెల్లగా చెప్పేసి బయటపడదామని ఎజ్రా ఆశ.

"ఒరే ఎర్రన్నా, ఆ రోజు..."

"గట్టిగా సెప్పండన్నయ్యా," అంది ఎర్రన్న భార్య లక్ష్మణమ్మ. "మిల్లు మోతకి సెవులు పోనాయి."

ఎజ్రా అరవాల్సి వచ్చింది. "బల్బు బాగానే ఉన్నాదిరా! సినిమాయే అలాగున్నాది! తప్పు నాదిరా!" వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. రెండోసారీ అరిచాడు. మూడోసారి ఎర్రన్న చెవి దగ్గరకు వంగి అరిచాడు.

ఎర్రన్నకు అర్థమైంది. కోప్పడలేదు. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చిన ఎజ్రాకు అది మరీ కష్టమైంది.

లక్ష్మణమ్మే నోరు విప్పింది. "మిల్లులో మెకానిక్కుగా ఏస్తామని రెండుసార్లు పిలిసేరు. వేరే గది, ఈ మోతుండదు. ఈ మనిషి ఒప్పుకోలేదు. నాను ముట్టుకుంటే మిషను సెడిపోతాది, నా సెయ్యి మంచిది కాదన్నాడు."

ఎర్రన్న రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా సెయ్యి మంచిదేనేటన్నా?" అని అడిగి, వినబడని జవాబు కోసం ఎజ్రా పెదాలకేసి చూస్తూ ఉండిపోయాడు.