చిన్నమ్మ మోసిన బరువు

మొన్న పంజాగుట్టలో మోకాళ్ల డాక్టరు కోసం కూర్చున్నప్పుడు, పక్క కుర్చీలోని అమ్మాయి రొమ్ముల బరువు తగ్గించుకునే ఆపరేషన్ గురించి తన తల్లితో, గొంతు తగ్గించకుండా, పుప్పిపన్ను తీయించుకునే సంగతి చెప్పినంత తేలికగా మాట్లాడుతుంటే నాకు సంతోషమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపం ఆ పిల్ల మీద కాదు. మా చిన్నమ్మను తిప్పి పంపిన వాళ్ల మీద, ఇన్నేళ్లయినా చల్లారని పాత కోపం అది.

రెండో ప్రపంచయుద్ధం రోజులవి. అమీర్‌పేట అప్పుడు పొలాల మధ్య ఊరు. మా అమ్మ చెల్లెలైన చిన్నమ్మ నాట్లకూ కలుపుకూ పోయేది. చిన్నాయన ఎర్రమంజిల్ వైపు ఒక పెద్ద బంగళాలో తోటపని చేసేవాడు. రెండో కాన్పు తరువాత పిల్లవాడు పాలు మానేసినా ఆమె రొమ్ములు పెరగడం మాత్రం ఆగలేదు. ఆ బరువును పాత చీర పేలికలతో భుజాలకు కట్టుకునేది. పేలికలు ఒరుసుకుని భుజాల మీద చాళ్లు పడ్డాయి, ఎండాకాలం రొమ్ముల కింద చర్మం చెమటకు నాని పుండ్లు పడేది. వంగితే లేవలేక నాట్లు మానేసింది. పడుకుంటే ఊపిరాడక గోడకానుకునే నిద్రపోయేది. చర్చిలో ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుతున్నారని, ఆదివారాలు ఇంట్లోనే తలుపు వేసుకుని ప్రార్థన చేసుకునేది.

నేనప్పుడు నగరంలో ఒక ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటున్నాను. ఆ ధైర్యంతోనే చిన్నమ్మను జట్కా ఎక్కించి అక్కడికే తీసుకుపోయాను. పెద్ద డాక్టరు ఒక్కసారి చూసి, ఇది రోగం కాదు, కొందరి ఒళ్లే అంత అన్నాడు. మత్తుమందూ కట్టుగుడ్డలూ యుద్ధానికే పోతున్నాయి, ఉన్న మంచాలు నిజమైన రోగులకే చాలడం లేదు అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు, నాకు మరీ ఒళ్లు మండింది అందుకే. ఇంకోసారి తీసుకుపోతే కాంపౌండరు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. తిరుగుదారిలో చిన్నమ్మ ఒక్క మాటే అంది.

"రోగం గాకపోతే నాకెందుకు నొస్తున్నది బిడ్డా?"

ఆ వానాకాలం పుండు చీము పట్టి జ్వరం తగిలింది. ఈసారి చిన్నాయన కూడా వచ్చాడు. ఎవరి ముందూ నోరెత్తని మనిషి, తలరుమాలు చేతిలో నలుపుతూ డాక్టరు బల్ల ముందు నిలబడ్డాడు.

"సాబ్, గీమె ఒరిగి పండుకోక ఏడాదైంది. మీరు రోగం గాదంటిరి. మరి గిదేందో మీరే చెప్పుండ్రి, ఇని పోత."

డాక్టరు కలం తీసి చేర్చుకునే చీటీ రాశాడు. ఆమెను పుండు పేరు మీద చేర్చుకుని, చీము ఆరాక, రెండు రొమ్ములూ తానే కోసి తగ్గించాడు. ఉతికి ఉడకబెట్టిన పాత గుడ్డలతోనే కట్లు కట్టాం. ఒక పక్క వంకరగా మానింది. రోజూ పొద్దున డాక్టర్లు వచ్చి కుట్లు చూసి, బాగుందని వాళ్లలో వాళ్లు అనుకుని వెళ్లేవారు. నిద్ర పట్టిందా, మనసెట్లా ఉందని ఆమెను అడిగినవాళ్లు లేరు. ఇంటికి వచ్చాక ఒక మధ్యాహ్నం చాప మీద తిరగబడి, చెంప నేలకానించి, ఏడుస్తూ నవ్వుతూ నన్ను పిలిచింది.

"సూడే, బోర్ల పండుకున్న!"

మళ్లీ నాట్లకు పోయింది. ఆ తరువాతి ఏడు బిడ్డ పుడితే మాత్రం పాలు రాలేదు. మేకపాలతో పెంచవలసి వచ్చింది. మునుపు నవ్విన ఆడవాళ్లే, దేవుడిచ్చింది కోయించుకుంటే ఇంతే అన్నారు. పాలు పోవచ్చునని ఆసుపత్రిలో ఎవరూ ముందు చెప్పలేదు, నాకూ తెలియదు. చిన్నమ్మ బిడ్డకు మేకపాలు తాగిస్తూ మెల్లగా అంది.

"ముందుగాల చెప్పినా నేను చేపిచ్చుకుందునే. గని చెప్పాలె గద?"

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమె నాట్లు వేసిన మళ్లు అమీర్‌పేటలో ఏ మేడల కింద ఉన్నాయో ఇప్పుడు నేను చూపించలేను. ఆమె నొప్పికి ఇవాళ ఒక పేరుంది, మందులున్నాయి, పరుపుల మంచాలున్నాయి. మాకు అప్పుడు అవేవీ లేని మాట నిజమే. కానీ మనిషి పక్కన కూర్చుని, ఎట్లా ఉన్నావమ్మా అని అడగడానికి అవేవీ అక్కర్లేదు గదా అని ఇప్పటికీ వాళ్లను అడగాలనిపిస్తుంది.