మేస్త్రి మామ అతికించిన పలకలు

నా చిన్నప్పుడు మేము దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఉండేవాళ్ళం. శుక్రవారం వచ్చిందంటే మా అమ్మ ఊరివాడైన మేస్త్రి మామ కూలీలుండే క్యాంప్ నుంచి భోజనానికి వచ్చేవాడు. జగిత్యాల దగ్గరి మనిషి. పెద్ద పెద్ద టవర్లలో టైల్స్ వేయడం ఆయన పని.

2011 వేసవిలో అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్ ఆఖరిసారి దిగింది. ముప్ఫై ఏళ్ళు మనుషుల్ని అంతరిక్షానికి మోసిన కార్యక్రమం ముగిసిందని టీవీలో అదేపనిగా చూపిస్తున్నారు. నేను ఏడుపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. మామ మాత్రం అన్నం కలపడం ఆపి షటిల్ పొట్ట కిందికే చూస్తున్నాడు. వేడి తగలకుండా పెట్టిన ఆ నల్ల పలకలన్నీ మనుషులు చేత్తో అతికించినవేనని చెబితే నమ్మలేకపోయాడు.

"గిన్ని బండలా! మరి గీ పని బందయినంక అవి అతికిచ్చినోళ్ళు ఏడికి పోతరు బిడ్డా?"

నాకు నవ్వొచ్చింది. అంత పెద్ద విషయంలో ఈయనకి ఇదా తోచింది అనుకున్నాను. నాకప్పుడు పన్నెండేళ్ళు, తల నిండా పొగరు.

సెలవుల తర్వాత బడిలో సైన్స్ ప్రదర్శన పెట్టారు. నేను అట్టతో షటిల్ చేశాను. కింద పలకలు మామే పెట్టాడు. నల్ల అట్టను గోరంత ముక్కలుగా కోసి, సందులన్నీ సమంగా రావాలని మధ్యలో అగ్గిపుల్లలు పెట్టి, నాలుగు శుక్రవారాలు నడుం వంచి అతికించాడు. అప్పుడే చెప్పాడు, టవర్ పని అయిపోయిందనీ, కంపెనీ తమని ఇంటికి పంపేస్తోందనీ. తాము బండలు వేసిన చోటికి, తలుపులు తెరిచాక తమను రానివ్వరట. "ఇన్నేండ్లు చేసిన, నా పని ముంగట నిలవడి ఒక్క ఫోటో దిగలే" అన్నాడు. ప్రదర్శనకి రా మామా, అక్కడ దిగుదువు గాని అని పిలిచింది నేనే.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన తల, చేతిలో ఎవరినో అడిగి తెచ్చుకున్న కెమెరా ఫోన్. సరిగ్గా అప్పుడే మా సైన్స్ టీచర్ పలకలను వేలితో నిమురుతూ, ఇంత నాజూగ్గా ఎవరు అతికించారని అడిగింది. చుట్టూ నా స్నేహితురాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు. ఆయన పగిలిన వేళ్ళు, చెప్పుల మీద ఇంకా పోని సిమెంటు నా కంటపడ్డాయి. నేనే చేశానని చెప్పేశాను. పక్కమ్మాయి ఆయన ఎవరని అడిగితే, తెలియదన్నాను.

మామ రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. టీచర్ ఆయన వైపు తిరిగి, మీరు ఎవరి తాలూకు అని హిందీలో అడిగింది. ఆయన నన్ను చూశాడు. నా మొహంలో భయం కనబడి ఉంటుంది. ఊరికే చూడ్డానికి వచ్చానని వచ్చీరాని హిందీలో చెప్పి, "బచ్చీ నే బహుత్ అచ్ఛా కామ్ కియా మేడం" అన్నాడు, పాప చాలా బాగా చేసిందని. ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను వెనక పరిగెత్తలేదు.

మొదటి బహుమతి నాకే ఇచ్చారు.

తర్వాతి వారం విమానం ఎక్కే ముందు మామ అమ్మకి ఫోన్ చేశాడు. బడిలో జరిగింది ఆమెకి చెప్పలేదు. ఫోటో దిగావా అని ఆమె అడిగితే, దిగినానక్కా అన్నాడట. ఫోన్ నా చేతికిస్తే, "మంచిగ సదువుకో బిడ్డా" అన్నాడు. నేను సరే అన్నాను. మళ్ళీ ఆయన గొంతు వినలేదు.

ఈ రోజుకీ ఎవరైనా నా పనిని మెచ్చుకోబోతే, వాళ్ళ మాట పూర్తికాకముందే నాతో పనిచేసినవాళ్ళందరి పేర్లూ చెప్పేస్తాను. ఆఫీసులో అది నా మంచితనమనుకుంటారు. మంచితనం కాదు, సిగ్గు.